వంగే బాణమే... సూటిగా వెళ్తుంది!

బాణమంటే బిర్రుగా, నిటారుగా ఉండాలి. వింటి నుంచి వదిలితే గీత గీసినట్టు వెళ్లాలి. చాలామంది అనుకునేదిదే. నిజం మాత్రం వేరు. వింటిని వదిలిన బాణం చేపలా మెలికలు తిరుగుతుంది. అలా తిరగని బాణం గురి తప్పుతుంది! విల్లుకూ బాణానికీ జోడీ కుదర్చడం ఓ విద్య. సొప్పదంటుతో ఆడుకునే పిల్లల నుంచి ఒలింపిక్స్‌ ఆర్చర్ల దాకా అందరికీ అవసరమైన ఆ విద్య కథే ఇది.

జొన్న కోతలు అయ్యాయంటే చాలు... కర్నూలుకు పడమరన, గూడూరు నుంచి ఎమ్మిగనూరు, ఆదోని దాకా పల్లెల్లో పిల్లలకు ఆయుధాలకు కొదవుండదు. తంగేడు బరికె వంచి పురికొస కడితే విల్లు. ఎండిన సొప్పదంటు విరిస్తే బాణం. ఇక ఎవరికి వారే రాముడు, ఎవరికి వారే అర్జునుడు!

అయితే, మొదటి బాణం ఎప్పుడూ మాట వినదు. గాల్లోకి లేచి, అడ్డం తిరిగి, నాలుగడుగుల దూరంలో కూలబడుతుంది. కాస్త అనుభవమున్న పిల్లాడైతే ఏం చేస్తాడు? చేలోంచి గుప్పెడు నల్లరేగడి మట్టి తెచ్చి, తడిపి, దంటు మొనకు చిన్న ఉండలా అంటిస్తాడు. ఆరాక మళ్లీ వేస్తాడు. ఈసారి బాణం ముక్కు ముందుకు పెట్టి దూసుకుపోతుంది. దంటు మరీ పొడుగైతే ఓ కణుపు విరిచేస్తాడు. మరీ లావుగా ఉంటే పక్కన పడేసి, ఇంకోటి ఏరుకుంటాడు.

ఎందుకలా చేశావంటే ఆ పిల్లాడు చెప్పలేడు. ‘అట్ల జేస్తే బాగ పోతాది’ అంటాడంతే. కానీ, మొన బరువు మార్చడం, పొడవు తగ్గించడం, లావు చూసి ఎంచుకోవడం... ఈ మూడే ప్రపంచవ్యాప్తంగా విలుకాళ్లు బాణాన్ని వింటికి కుదర్చడానికి వాడే ప్రధాన సూత్రాలు. లక్షలు పోసి కొన్న విల్లున్నా సరే, అంతకుమించిన మంత్రమేమీ లేదు.

విల్లే అడ్డమొస్తే...

సంప్రదాయ విల్లును ఓసారి గమనించండి. అది వెదురుదో, కర్రదో... పిడి మధ్యలో బాణం దూరడానికి దారి ఉండదు. బాణం పిడి పక్కన ఆనుకుని ఉంటుంది. కుడిచేత్తో నారి లాగేవారికైతే సాధారణంగా పిడికి ఎడమవైపున, పిడికిలి మీద కూర్చుంటుంది. అంటే బాణం మొన గురి వైపు కాకుండా కాస్త ఎడమకు చూస్తూ ఉంటుందన్నమాట.

ఇప్పుడు నారి వదిలారు. నారి పోయేది ఎటు? వింటి మధ్యకు. బాణం తోకను అది నేరుగా విల్లు వైపే నెడుతుంది. మొనేమో విల్లుకు ఎడమ పక్కన ఉంది. తోక ముందుకొచ్చేకొద్దీ బాణం మరింతగా ఎడమకు తిరగాలి. లెక్క ప్రకారమైతే ప్రతి బాణమూ గురికి ఎడమవైపే పడాలి. కానీ, మంచి విలుకాడి బాణం గురిచూసిన చోటే దిగుతుంది. విలువిద్యలో దీన్ని ‘ఆర్చర్స్‌ పారడాక్స్‌’ అంటారు. విలుకాడి చిక్కుముడి అనుకోవచ్చు.

ఆ ముడి విప్పింది కెమెరా. 1930ల్లో అమెరికా శాస్త్రవేత్త క్లారెన్స్‌ హిక్‌మన్‌ అతివేగంగా ఫొటోలు తీసే కెమెరాలతో వింటి నుంచి వెలువడే బాణాన్ని చిత్రించారు. మామూలు కంటికి కనిపించని దృశ్యం అప్పుడు బయటపడింది. నారి తోసిన మరుక్షణం బాణం నిటారుగా లేదు. విల్లులాగే అదీ వంగింది!

నారి ఒక్కసారిగా వెనక నుంచి గుద్దుతుంది. ముందున్న ములికి బరువు కదలడానికి మొరాయిస్తుంది. ఈ రెంటి మధ్యా నలిగిన బాణం నడుము దగ్గర వంగక తప్పదు. దానికి తోడు, వేళ్ల మీదుగా జారే నారి తిన్నగా కాకుండా కాస్త పక్కకు జరిగి మరీ వెళ్తుంది. దాంతో బాణం నడుము మొదట విల్లువైపు వంగుతుంది. వెంటనే ఎదురుదిక్కుకు. మళ్లీ ఇటు. సరిగ్గా ఆ ఊపులో తోక విల్లుకు ఎడంగా జరిగి, పిడిని తాకకుండా జారుకుంటుంది. పాము రాయిని చుట్టి పోయినట్టు... బాణం విల్లును చుట్టి పోతుందన్నమాట. ఇదంతా జరిగేది సెకనులో యాభయ్యో వంతు అటూ ఇటూ కాలంలో!

విల్లు దాటాక ఆ ఊగులాట క్రమంగా తగ్గి బాణం నిలకడకు వస్తుంది. ఒకవేళ ఊగే వేగం కుదరకపోతే? తోక పక్కకు జరగాల్సిన క్షణంలో విల్లు వైపు ఉంటుంది. పిడికి తగులుతుంది. ‘టక్‌’మని చప్పుడు. బాణం తోకాడిస్తూ పక్కదారి పడుతుంది. ఒక్క డిగ్రీ తేడా వచ్చినా ముప్ఫై మీటర్ల దూరంలో అర మీటరుకు పైగా పక్కన పడుతుంది మరి.

బిరుసా... మెతకా?

అసలు కిటుకంతా బాణం ఎంత వంగాలన్న దగ్గరే ఉంది. తక్కువ వంగితే ‘బిరుసు’. ఎక్కువ వంగితే ‘మెతక’. బాణం తయారీదారులు దీన్ని ‘స్పైన్‌’ అంటారు. కర్ర బాణాలకు దీన్ని కొలిచే పద్ధతి చాలా తేలిక. 26 అంగుళాల ఎడంతో రెండు ఆసరాల మీద బాణాన్ని పడుకోబెట్టి, నడిమధ్య రెండు పౌండ్ల... అంటే సుమారు 900 గ్రాముల బరువు వేలాడదీస్తారు. ఎన్ని అంగుళాలు కిందికి దిగిందో చూసి, దానితో 26ను భాగిస్తారు. అర అంగుళం దిగితే 52. అంటే దాదాపు 50 పౌండ్ల బలంతో లాగే వింటికి ఆ బాణం సరిపోవచ్చన్నది మొదటి అంచనా. ఓ చెక్క, రెండు మేకులు, స్కేలు, తూకపురాయి ఉంటే ఇంట్లోనే ఈ పరీక్ష చేసేయొచ్చు.

మొదటి అంచనా అనడానికి కారణముంది. ఎందుకంటే బాణం వంగడం అనేక విషయాల మీద ఆధారపడి ఉంటుంది.

లావు: కాస్త తేడాకే కథ మారిపోతుంది. ఒకే రకం కర్రతో చేసిన రెండు బాణాల్లో ఒకటి ఎనిమిది మిల్లీమీటర్లు, ఇంకోటి తొమ్మిది మిల్లీమీటర్ల లావు ఉన్నాయనుకోండి. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి. కానీ, రెండోది మొదటిదానికన్నా దాదాపు 60 శాతం ఎక్కువ బిరుసు! అందుకే గరుకు కాగితంతో కాస్త రుద్దినా బాణం స్వభావం మారిపోతుంది.

పొడవు: పొడుగు పెరిగేకొద్దీ బాణం మెతకబడుతుంది. పదో వంతు పొడుగు పెరిగితే వంపు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. సొప్పదంటు కణుపు విరిచేసే పిల్లాడు చేస్తున్నది బాణాన్ని బిరుసెక్కించడమే.

మొన బరువు: ములికి బరువెక్కితే బాణం ఎక్కువ వంగుతుంది. తేలికైతే తక్కువ వంగుతుంది.

విల్లు బలం: గట్టి విల్లు ఎక్కువ బలంగా తోస్తుంది కాబట్టి బిరుసు బాణం కావాలి. పిల్లల మెత్తని వింటికి మెతక బాణమే నప్పుతుంది. ఎంత దూరం లాగుతారన్నదీ ఇందులో భాగమే. ఒకే విల్లును పొడుగు చేతుల అన్న, పొట్టి చేతుల తమ్ముడు లాగితే ఇద్దరికీ ఒకే బాణం కుదరదు.

పిడి మందం: పిడి ఎంత లావైతే బాణం అంత ఎక్కువగా చుట్టి పోవాలి. కాబట్టి అంత మెతకగా ఉండాలి.

చూశారుగా... ‘మంచి బాణం’ అంటూ విడిగా ఏదీ లేదు. ఫలానా వింటికి, ఫలానా చేతికి కుదిరిన బాణమే మంచి బాణం.

ఈకలు పీకి చూడు!

మరి కుదిరిందో లేదో తెలిసేదెలా? విలుకాళ్లు చేసే పరీక్ష వింతగా ఉంటుంది. బాణానికి ఈకలు తీసేసి వేస్తారు!

బాణం తోక దగ్గర ఈకలు కట్టిన భాగాన్ని తెలుగులో పింజ అంటారు. గాల్లో వెళ్లేటప్పుడు తోక పక్కకు జరిగితే, గాలి ఈ ఈకలను తోసి మళ్లీ దారిలో పెడుతుంది. అంటే, బాణం తప్పులను ఈకలు సర్దేస్తాయి. కొడుకు తప్పుల్ని తండ్రికి తెలీకుండా దాచే తల్లిలాగా! అసలు సంగతి తెలియాలంటే ఆ తల్లిని కాసేపు పక్కన కూర్చోబెట్టాల్సిందే.

ఒకే కొలతల బాణాలు నాలుగైదు తీసుకుంటారు. మూడింటికి ఈకలుంటాయి. మిగతావి బోడి బాణాలు. పది పదిహేను అడుగుల దగ్గర మొదలుపెట్టి, తర్వాత ఇరవై గజాల దాకా వెనక్కి జరుగుతూ, మెత్తటి గడ్డిమోపు లాంటి లక్ష్యం మీదికి రెండు రకాలూ వేస్తారు. అన్నీ ఒకేచోట గుమిగూడితే జోడీ కుదిరినట్టే. లేకపోతే బోడి బాణం ఎటు పోయిందో చూడాలి. రోగం చెప్పేది అదే.

ముందు చూడాల్సింది పైకీ కిందికీ. బోడి బాణం మిగతావాటికన్నా కింద పడితే, నారి మీద బాణం తగిలించే చోటు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. కాస్త దించాలి. పైన పడితే కాస్త పెంచాలి. నారికి ఆ చోట దారం చుట్టి గుర్తు పెట్టుకుంటే బాణం ప్రతిసారీ అక్కడే కూర్చుంటుంది.

అది కుదిరాకే కుడి ఎడమల సంగతి. కుడిచేత్తో మూడు వేళ్లతో నారి లాగేవారి బోడి బాణం ఎడమకు పోతే అది బిరుసు. మొన బరువు కాస్త పెంచాలి. లేదా బాణాన్ని సన్నగా రుద్దాలి. కుడికి పోతే మెతక. మొన బరువు తగ్గించాలి. లేదా పొడవు కత్తిరించాలి. ఎడమచేతి వాటం వారికి ఇదంతా తిరగబడుతుంది.

ఇక్కడే ఓపిక కావాలి. పావు అంగుళం కోసి, వేసి చూసి, మళ్లీ పావు అంగుళం. దర్జీ బట్ట కత్తిరించినట్టే. ఒకసారి ఎక్కువ కోశాక అతికించడం ఎవరి తరమూ కాదు. అందుకే ముందుగా అన్ని బాణాలూ కోసేయరు. ఒక్కదాన్ని కుదుర్చుకుని, మిగతావాటిని దాని కొలతకు తెస్తారు.

ఒకసారి వేసి తీర్పు చెప్పేయడమూ తప్పే. నారి వదిలేటప్పుడు వేలు అదిరినా బోడి బాణం పక్కకు పోతుంది. అయిదారుసార్లు వేసినా అటే పోతుంటే అప్పుడు తప్పు బాణానిది. ఒక్కోసారి ఒక్కో వైపు పోతుంటే తప్పు చేతిది.

పిడికిలి, బొటనవేలు...

విల్లు వైపు నుంచీ కొన్ని సర్దుబాట్లు ఉంటాయి. నారి ఎక్కించాక పిడికీ నారికీ మధ్య ఎడం ఎంతుండాలి? పూర్వకాలపు ఇంగ్లండు విలుకాళ్ల కొలత భలే సులువు. పిడికిలి బిగించి పిడి మీద ఆనించి, బొటనవేలు నిలబెడితే దాని కొస నారిని తాకాలి. దాదాపు ఆరేడు అంగుళాలు. ఈ ఎడం మారితే నారి బాణాన్ని వదిలే క్షణం మారుతుంది. వింటి చప్పుడు కూడా మారుతుంది. నూలు నారి అయితే మరో నాలుగు పురులు తిప్పితే పొట్టిదై ఎడం పెరుగుతుంది. పురులు వదులు చేస్తే తగ్గుతుంది. మగ్గాల ఊరు ఎమ్మిగనూరులో దారానికి పురి ఎక్కితే ఏమవుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు!

తూకం ఇంకో సంగతి. బాణాన్ని వేలి మీద నిలబెడితే సరిగ్గా నడిమధ్య కాకుండా, కాస్త మొన వైపు నిలవాలి. ముప్ఫై అంగుళాల బాణమైతే మధ్య నుంచి మూడు, నాలుగు అంగుళాల ముందు. తల బరువుంటేనే తోక దాని వెంట నడుస్తుంది. రేగడిమట్టి ఉండ చేసిన మేలు అదే. అన్ని బాణాలూ ఒకే బరువుండటమూ ముఖ్యం. లేదంటే ఒకటి పైన, ఒకటి కింద పడతాయి. వంటింటి డిజిటల్‌ త్రాసు చాలు ఈ పనికి.

ఈకల్లోనూ మర్మముంది. పక్షి కుడి రెక్క ఈక ఒకవైపు వంపు తిరిగి ఉంటే, ఎడమ రెక్క ఈక రెండోవైపు తిరిగి ఉంటుంది. ఒక బాణానికి మూడు ఈకలూ ఒకే వైపు రెక్కవే కట్టాలి. అప్పుడే బాణం బొంగరంలా ఒకే దిక్కుకు తిరుగుతూ నిలకడగా వెళ్తుంది. కలిపి కడితే ఒకటి అటు, ఒకటి ఇటు లాగుతాయి. జోడెద్దుల్లో ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ లాగినట్టు!

నల్లమల నేర్పిన పాఠం

సొప్పదంటు ఆట వదిలి అసలైన విల్లంబులు చూడాలంటే గూడూరు నుంచి తూర్పుకు, నల్లమల దాకా వెళ్లాలి. 2022లో జిల్లాల విభజనతో కర్నూలు జిల్లాలోని నల్లమల వైపు ప్రాంతం నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. అక్కడి చెంచులకు విల్లు ఒంట్లో అవయవం లాంటిది. వేటాడి, దుంపలు తవ్వి, తేనె దించి బతికిన జాతి వారిది. 1940లో అమ్రాబాద్‌ పీఠభూమిలో చెంచుల మధ్య గడిపిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్‌ ఫాన్‌ ఫ్యూరర్‌ హైమెన్‌డార్ఫ్‌ వారి జీవితం గురించి 1943లో ఓ పుస్తకమే రాశారు.

చెంచుల వెదురు వింటికి కొలతల పట్టిక లేదు. బాణానికి స్పైన్‌ నంబరూ ఉండదు. వెదురుతో బాణం చేసేవారు ఎక్కడైనా ఆధారపడేది కంటినీ వేలినే. వెదురు పచ్చిదైతే ఎండాక వంకర పోతుంది. కాబట్టి ముదురుది ఎంచి, నీడన ఆరబెట్టాలి. నిప్పుల సెగ చూపించి, వెచ్చగా ఉండగానే చేత్తో వంకర తీయాలి. నారి పట్టే గాడిని కణుపుకు దగ్గరగా కోస్తే, గుద్దుకు వెదురు చీలిపోకుండా ఆ కణుపే అడ్డుకుంటుంది. రెండు కొసలూ పట్టుకుని వంచితే ఇది ఏ వింటికి సరిపోతుందో చేతికి తెలియాలి. ఆ ‘తెలియడం’ పుస్తకంలో దొరకదు. పక్కన కూర్చున్న పిల్లలకు పెద్దల నుంచి అబ్బాల్సిందే.

ఆ అబ్బే దారే ఇప్పుడు ఇరుకైపోయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. నాగార్జునసాగర్‌-శ్రీశైలం అడవి పులుల అభయారణ్యమైంది. వేట నేరం. అడవినీ జంతువులనూ కాపాడటానికి అది అవసరమే. కానీ, వేట ఆగినచోట రోజూ బాణం చెక్కే పనీ ఆగుతుంది. చెక్కని బాణం గురించి తాత మనవడికి ఏం చెబుతాడు?

అయినా, విల్లు పూర్తిగా అటకెక్కలేదు. అహోబిలం వెళ్తే తెలుస్తుంది. నరసింహస్వామి చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని పెళ్లాడాడన్నది స్థలపురాణం. అక్కినేని, అంజలీదేవిల ‘చెంచులక్ష్మి’ (1958) సినిమాతో ఆ కథ తెలుగువారి ఇంటింటికీ చేరింది. ఆ లెక్కన స్వామి చెంచులకు బావ. ఏటా సంక్రాంతి పండగలప్పుడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకిలో చుట్టుపక్కల ముప్ఫైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. నెలన్నర దాకా సాగే ఆ యాత్ర మొదట్లో చెంచులు పల్లకి వైపు బాణాలు వేస్తారు. బావగారికి బావమరుదుల మర్యాద అది! అడవిలో పని లేని విల్లుకు ఆలయం దగ్గర ఏడాదికోసారైనా గౌరవం మిగిలింది.

ఏకలవ్యుడి బొటనవేలు

మన పురాణకథ ఒకటి ఈ లెక్కల్లో ఆసక్తికరమైన పేచీ పెడుతుంది. గురుదక్షిణగా ద్రోణుడు ఏకలవ్యుడి కుడి బొటనవేలే ఎందుకు అడిగాడు?

ఇప్పటి క్రీడాకారులు నారిని చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లతో లాగుతారు. బొటనవేలికి అందులో పెద్దగా పనుండదు. కానీ, ఆసియాలో చాలాచోట్ల పూర్వం నారిని బొటనవేలితో కొక్కెంలా పట్టి లాగేవారు. వేలు తెగకుండా రాతితోనో, ఎముకతోనో చేసిన ఉంగరం తొడుక్కునేవారు. మొగలుల కాలం నాటి పచ్చరాతి ఉంగరాలు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. ఆ పద్ధతిలో చూస్తే బొటనవేలు పోతే విద్యే పోతుంది. ద్రోణుడు అడిగింది ఎంత పెద్ద మూల్యమో అప్పుడు అర్థమవుతుంది.

బాణం కుదర్చడంలోనూ ఆ తేడా ఉంది. బొటనవేలితో లాగేవారు బాణాన్ని విల్లుకు కుడిపక్కన పెడతారు. నారి పక్కకు జారే దిక్కూ మారుతుంది. కాబట్టి బోడి బాణం పరీక్షలో కుడి, ఎడమ తారుమారవుతాయి. ఏ పుస్తకంలోనో చదివి గుడ్డిగా పాటించకుండా, ముందు తన పద్ధతేంటో చూసుకోమనేది అందుకే.

వెదురు నుంచి ఒలింపిక్స్‌కు...

ఇప్పటి రికర్వ్‌ విల్లు పిడికి బాణం వెళ్లడానికి గాడి ఉంటుంది. పక్కన బాణం ఆనే చోట స్ప్రింగుతో ‘ప్లంజర్‌’ ఉంటుంది. దాన్ని తిప్పి బాణం ఒరిపిడిని సర్దుకోవచ్చు. కార్బన్‌ బాణాలకు కంపెనీలే పట్టికలు ఇస్తాయి. అయినా వేళ్లతోనే నారి వదులుతారు కాబట్టి బాణం వంగడం తప్పదు. 70 మీటర్ల దూరంలో, పదికి పది పాయింట్లిచ్చే వలయం అడ్డుకొలత 12.2 సెంటీమీటర్లే. టీ సాసరంత! అందుకే పెద్ద పోటీల ముందు ఆర్చర్లు ఇప్పటికీ బోడి బాణాలు వేసి చూసుకుంటారు. 2024 పారిస్‌ ఒలింపిక్స్‌లో అంకిత భకత్‌తో కలిసి మిక్స్‌డ్‌ టీమ్‌లో నాలుగో స్థానంలో నిలిచిన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్‌ది ఈ రికర్వ్‌ విభాగమే.

అదే విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్‌ విల్లు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆమె మూడు స్వర్ణాలు గెలిచింది. కాంపౌండ్‌లో నారిని చిన్న పరికరంతో వదులుతారు. బాణం దాదాపు వింటి మధ్య నుంచే వెళ్తుంది. దాంతో పక్కకు వంగే బెడద చాలావరకు తప్పుతుంది.

ఈ విల్లులు మధ్యతరగతి ఇళ్లకు భారమే. పోటీ స్థాయి సామగ్రి ధర లక్షల్లోకి పోతుంది. మన దేశంలో ‘ఇండియన్‌ రౌండ్‌’ అనే విభాగం ఉన్నది అందుకే. 30, 50 మీటర్ల దూరాల నుంచి వెదురు, కర్ర విల్లులతో ఆడతారిందులో. పల్లెల నుంచి, గిరిజన గూడేల నుంచి వచ్చే పిల్లలకు ఇది తొలిమెట్టు. రాజస్థాన్‌ గిరిజన కుటుంబంలో పుట్టి వెదురు వింటితో పెరిగిన లింబారామ్‌ 1992లో బీజింగ్‌ ఆసియా ఆర్చరీ పోటీల్లో ప్రపంచ రికార్డును సమం చేశాడు. రాంచీ దగ్గరి ఆటో డ్రైవరు కూతురు దీపికా కుమారి కూడా మొదట వెదురు వింటితోనే సాధన చేసింది. 2010 కామన్వెల్త్‌ క్రీడల్లో రెండు స్వర్ణాలు తెచ్చింది.

తప్పు ఎవరిది?

వెదురు వింటి దగ్గర మొదలుపెట్టే పిల్లలకే బాణం జోడీ కుదరడం మరీ అవసరం. ఎందుకంటే వాళ్ల వింటికి ప్లంజర్‌ లేదు, పట్టిక లేదు. ఎవరో పెద్దవాళ్ల వింటికి చేసిన లావుపాటి బాణాలు చేతికొస్తాయి. ఎంత శ్రద్ధగా గురిపెట్టినా అవి ఎడమకే పోతాయి. పిల్లాడు ఏం చేస్తాడు? గురిని కుడికి జరుపుతాడు. లేదంటే మణికట్టు తిప్పుతాడు. తప్పుడు బాణానికి సరిపోయేలా తన చేతినే వంకర చేసుకుంటాడు. ఆ అలవాటు పోవడం బాణం మార్చినంత తేలిక కాదు. కొన్నాళ్లకు ‘నాకు గురి లేదు’ అనుకుని విల్లు పక్కన పడేస్తే... పోయేది ఒక ఆట కాదు, ఆ పిల్లాడికి తన మీద తనకున్న నమ్మకం.

అందుకే పిల్లలకు విల్లు కొనిచ్చే అమ్మానాన్నలు, స్కూల్లో నేర్పే పీఈటీలు ముందు చూడాల్సింది బాణాన్నే. ఆ పని తర్వాతే పిల్లాడి చేతిని తప్పుపట్టాలి.

జాగ్రత్తలూ మరవకూడదు. బాణం పెట్టకుండా ఉత్త నారి లాగి వదిలితే ఆ బలమంతా వింటి మీదే పడుతుంది. విల్లు విరగొచ్చు. వేసే ముందు ప్రతి బాణాన్నీ కాస్త వంచి, చెవి దగ్గర పెట్టి వినాలి. చిటపటమంటే లోపల చీలిక ఉన్నట్టే. దాన్ని విరిచి పారేయాలి. లేదంటే అది చేతిలోనే దిగుతుంది. లక్ష్యం వెనక మట్టికట్టో, దిబ్బో ఉండాలి. ఆకాశంలోకి వేయడం ఎప్పటికీ వద్దు. పైకి పోయిన బాణం ఎక్కడ దిగుతుందో ఎవరూ చెప్పలేరు. పిట్టల మీదికీ జంతువుల మీదికీ గురిపెట్టడం ఆట కాదు, నేరం.

ఇంతా చేస్తే... రేగడిమట్టి ఉండ, విరిచేసిన కణుపు, పారేసిన లావుపాటి దంటు. గూడూరు చేలగట్ల మీద ఏ గురువూ లేకుండా పిల్లలు కనిపెట్టినవి ఇవే. జొన్న కోతలయ్యాక ఈసారి ఎవరైనా పిల్లాడు దంటు మొనకు మట్టి అంటిస్తూ కనిపిస్తే, బట్టలు పాడయ్యాయని కోప్పడకండి. ఎందుకలా చేశావో ఒకసారి అడగండి. ‘అట్ల జేస్తే బాగ పోతాది’ అన్నాడనుకోండి... ఆ ‘ఎందుకు’ ఏమిటో ఇప్పుడు మీరు చెప్పొచ్చు!